సున్నా కోసం కాచుకునే బ్రేకరు

వేసవి చివర్లో నల్లమల మీద మబ్బు పడుతుంది. గిద్దలూరు వైపు నుంచో, యర్రగొండపాలెం వైపు నుంచో ఉరుములు మొదలవుతాయి. ఆ సమయంలో మన ఇళ్ళల్లో లైటు ఒక్కసారి మసకబారి, వెంటనే మామూలుగా వెలగడం మీరంతా చూసే ఉంటారు. ఫ్యాను ఆగదు. కరెంటు పోలేదు కదా అని మనం మన పనిలో పడిపోతాం. ఆ ఒక్క క్షణంలో ఎక్కడో ఒక 132 కె.వి. లైను మీదో, 220 కె.వి. లైను మీదో పిడుగు పడింది. ఇన్సులేటర్ల మీదుగా కరెంటు టవరులోకి దూకి, వేల ఆంపియర్లు భూమిలోకి పోవడం మొదలైంది. దీన్నే ఫాల్టు అంటారు. మన వోల్టేజి కుంగింది అందుకే. సెకనులో ఆరో వంతు గడిచేలోపే ఆ లైనును రెండు చివరలా ఎవరో తెంచేశారు. అందుకే వోల్టేజి మళ్ళీ నిలబడింది.

ఆ తెంచింది మనిషి కాదు. కంట్రోల్ రూములో డ్యూటీలో ఉన్న ఆపరేటరు తల తిప్పి చూసేసరికే అంతా అయిపోయి ఉంటుంది. లైనులో తేడాను రిలే పసిగట్టి హుకుం ఇచ్చింది, యార్డులో నిలబడి ఉన్న సర్క్యూట్ బ్రేకరు తెంచింది. ఈ బ్రేకరు ఎలా పనిచేస్తుందో, దాని లోపల ఏం నింపుతారో, ఆ నింపినదాని గురించి మనం ఎందుకు పట్టించుకోవాలో ఈ ప్రసంగంలో చెబుతాను.

సబ్‌స్టేషన్ పక్కన పోయేటప్పుడు అందరి చూపూ ట్రాన్స్‌ఫార్మర్ మీదే నిలుస్తుంది. అది పెద్దది, గుయ్యిమంటూ ఉంటుంది. బ్రేకరు అలా కాదు, చడీచప్పుడూ లేకుండా నిలబడి ఉంటుంది. ఇనప చట్రం మీద మూడు పింగాణీ స్తంభాలు, కింద బూడిదరంగు పెట్టె ఒకటి. మూడు ఫేజులకు మూడు స్తంభాలు. మార్కాపురం చుట్టుపక్కల 132 కె.వి. యార్డుల్లో కనిపించేది ఈ రూపమే. పొదిలి 400 కె.వి. యార్డులోనైతే స్తంభం ఇంకా ఎత్తు, దాని తల మీద అడ్డంగా రెండు చాంబర్లు ఉంటాయి. ఏడాదిలో ఎక్కువ రోజులు అది చేసే పనేమీ ఉండదు, మూసుకుని కరెంటును తనగుండా పోనిస్తుంది. ఎప్పుడు పిలుపు వస్తుందో తెలియదు, వచ్చినప్పుడు ఒక్కసారి కూడా తప్పకూడదు. యంత్రాల్లో ఇంత కఠినమైన ఉద్యోగం మరొకటి ఉందని నేను అనుకోను.

ముందు కరెంటును తెంచడం ఎందుకు కష్టమో చూద్దాం. కంభం చెరువు తూము దించితే నీళ్ళు ఆగిపోతాయి. పలక నీటికి అడ్డం పడింది, అంతే. కరెంటు దగ్గర ఈ పప్పులుడకవు. రెండు రాగి కొసలను విడదీయగానే, వాటి మధ్య ఖాళీలో ఉన్న వాయువే కరెంటుకు దారి అవుతుంది. కొసలు విడిపోయే చివరి బిందువు దగ్గర లోహం కరిగి ఆవిరవుతుంది. ఆ ఆవిరీ చుట్టూ ఉన్న వాయువూ వేడెక్కి, అణువులు ముక్కలై, ఎలక్ట్రాన్లు విడిపోయి నిప్పు పుడుతుంది. దాన్నే ఆర్కు అంటారు. దాని నడిబొడ్డున వేడి 20,000 డిగ్రీల దాకా పోతుంది, అంటే సూర్యుడి ఉపరితలం వేడికి మూడు రెట్ల పైమాటే. కొసలను ఎంత దూరం లాగితే ఆర్కు అంత పొడుగు సాగుతుంది. కరెంటు మాత్రం ఆగదు.

ఇక్కడ మనల్ని ఆదుకునేది ఏసీ కరెంటు స్వభావం. మన దేశంలో కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. అటు ఒకసారి, ఇటు ఒకసారి. దిక్కు మారే ప్రతిసారీ అది సున్నా గుండా పోవాలి. అంటే సెకనుకు వంద సార్లు, ప్రతి పది మిల్లీసెకన్లకు ఒకసారి కరెంటు దానంతటదే సున్నా అవుతుంది. బ్రేకరు ఆ సున్నా కోసం కాచుకుని ఉంటుంది. నిండు ప్రవాహంలో ఉన్న ముప్పై నలభై వేల ఆంపియర్లను బలవంతంగా తెంచే సాహసం అది చేయదు. కొసలు విడదీస్తుంది, ఆర్కును మండనిస్తుంది, సున్నా రాగానే దాన్ని పట్టుకుంటుంది.

అసలు పరీక్ష ఆ సున్నా తర్వాతే. ఒక క్షణం ముందు వేల డిగ్రీల్లో మండిన వాయువు అది. ఆర్కు ఆరిందే గానీ ఆ దారి ఇంకా వేడిగానే ఉంది. సరిగ్గా అదే సమయానికి రెండు కొసల మధ్య వోల్టేజి విరుచుకుపడుతుంది. 132 కె.వి. బ్రేకరుకు ఆ వోల్టేజి శిఖరం రెండు లక్షల వోల్టులు దాటుతుంది. పెద్ద ఫాల్టులో అది పెరిగే వేగం మైక్రోసెకనుకు రెండు వేల వోల్టులు. మైక్రోసెకనంటే సెకనులో పది లక్షలో వంతు. వాయువు తన ఇన్సులేషన్ బలాన్ని తిరిగి తెచ్చుకునే వేగానికీ ఆ వోల్టేజి పెరిగే వేగానికీ మధ్య పరుగుపందెం అది. వాయువు గెలిస్తే లైను తెగినట్టు. వోల్టేజి గెలిస్తే ఆర్కు మళ్ళీ అంటుకుంటుంది, మరో పది మిల్లీసెకన్లు ఆగాలి.

ఈ పందెంలో కొన్ని చోట్ల బ్రేకరుకు మరీ కష్టం. సబ్‌స్టేషన్ గేటు దాటి కొద్ది కిలోమీటర్లలోనే లైను మీద ఫాల్టు జరిగిందనుకోండి. కరెంటు తెగగానే లైనులో మిగిలిన వోల్టేజి అలలుగా ఫాల్టుకూ బ్రేకరుకూ మధ్య ఎదురెదురుగా కొట్టుకుంటూ తిరుగుతుంది. ఆ అలలు రంపం పళ్ళ ఆకారంలో పైకీ కిందికీ లేస్తాయి. సబ్‌స్టేషన్‌లో లైన్లన్నీ వచ్చి కలిసే బస్‌బార్ దగ్గరే జరిగిన ఫాల్టులో కరెంటు దీనికంటే ఎక్కువ, అయినా ఈ కొంచెం దూరపు ఫాల్టే బ్రేకరును ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. డిజైను చేసేవాళ్ళు దీనికి విడిగా లెక్క కడతారు, విడిగా పరీక్షిస్తారు.

మరి ఆ పందెంలో గెలిచే వాయువు ఏది? దానికోసం ఇంజనీర్లు చాలాకాలం వెతికారు. మొదట్లో నూనె వాడారు. కొసలు నూనెలో మునిగి ఉంటాయి. ఆర్కు వేడికి నూనె విడిపోయి హైడ్రోజన్ పుడుతుంది, ఆ హైడ్రోజనే ఆర్కును చల్లబరుస్తుంది. పనిచేసేది గానీ, ఏదైనా తేడా వస్తే నూనె అంటుకునేది. తర్వాత ఒత్తిడితో నింపిన గాలిని ఆర్కు మీదికి ఊదే ఎయిర్ బ్లాస్ట్ బ్రేకర్లు వచ్చాయి. వాటికి కంప్రెసర్లు కావాలి, గొట్టాలు కావాలి. తెరుచుకుంటే తుపాకీ పేలినంత మోత. హైదరాబాదు శివారు రామచంద్రాపురంలో 1960లలో మొదలైన బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారం నూనె బ్రేకర్ల నుంచి, ఇప్పుడు చెప్పబోయే ఎస్సెఫ్ సిక్స్, వాక్యూమ్ బ్రేకర్ల దాకా తయారుచేసింది. అంటే ఈ చరిత్రలో పెద్ద భాగం మన తెలుగు కార్మికుల చేతుల మీదుగానే నడిచింది. అక్కడ పనిచేసి రిటైరైనవాళ్ళు మీ వీధిలోనో, మీ చుట్టాల్లోనో ఉంటే కూర్చోబెట్టి అడగండి. పుస్తకాల్లో దొరకని సంగతులు చెబుతారు.

చివరికి ఆ పందెంలో గెలిచిన వాయువు సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్. మన సబ్‌స్టేషన్ సిబ్బంది ఎస్సెఫ్ సిక్స్ అనో, ఒట్టి గ్యాస్ అనో అంటారు. ఒక గంధకం పరమాణువు, దాని చుట్టూ ఆరు ఫ్లోరిన్ పరమాణువులు. ఇది ప్రకృతిలో చెప్పుకోదగ్గంతగా లేదు, మనిషి చేసినదే. ఫ్రాన్సులో హెన్రీ మొయిసాన్, పాల్ లెబో అనే రసాయన శాస్త్రవేత్తలు 1900 ప్రాంతంలో దీన్ని తయారుచేశారు. ఫ్లోరిన్‌ను విడదీసినందుకు మొయిసాన్‌కు 1906లో నోబెల్ బహుమతి వచ్చింది. తాము చేసిన వాయువు ఒకనాడు ఊళ్ళకు కరెంటు కాపాడుతుందని వాళ్ళు ఊహించి ఉండరు. 1950లలో అమెరికాలో వెస్టింగ్‌హౌస్ ఇంజనీర్లు దీన్ని బ్రేకరులోకి తెచ్చారు. 1956లో వాళ్ళు చేసిన 115 కె.వి. బ్రేకరుకు ఒక్కో స్తంభంలో ఆరు చాంబర్లు వరుసగా పెట్టవలసి వచ్చింది. అది తెంచగలిగింది 5,000 ఆంపియర్లు. ఈనాడు ఒకే చాంబరు 220 కె.వి. దగ్గర 40,000 ఆంపియర్లను తెంచుతోంది. వాయువు అదే. మారిందల్లా దాన్ని ఊదే పద్ధతి.

ఈ వాయువుకు రంగు లేదు, వాసన లేదు, మండదు. గాలికంటే ఐదు రెట్లు బరువు. మామూలు పీడనంలోనే గాలికంటే రెండున్నర, మూడు రెట్లు ఎక్కువ వోల్టేజిని ఆపుతుంది. ఇందుకు కారణం ఫ్లోరిన్. విడిగా తిరిగే ఎలక్ట్రాను ఏది దొరికినా ఈ అణువు పట్టేసుకుంటుంది. ఎలక్ట్రాన్లు లేకపోతే ఆర్కుకు బతుకు లేదు. దీనికి మరో గుణం ఉంది, బ్రేకరుకు అదే ప్రాణమని నా ఉద్దేశం. రెండు వేల డిగ్రీల అటూ ఇటూ వేడి దగ్గర ఈ అణువులు ముక్కలవుతూ వేడిని విపరీతంగా పీల్చుకుంటాయి. ఆ వేడిలో వాయువు కరెంటును మోయదు. ఫలితంగా ఆర్కు చుట్టూ చల్లటి తొడుగు లాంటిది ఏర్పడి, కరెంటు మొత్తం సన్నటి దారిలోనే పోతుంది. సున్నా దగ్గరికి వచ్చేసరికి ఆ దారి మరీ సన్నబడి, అందులో మిగిలిన వేడి చాలా తక్కువవుతుంది. అందుకే మైక్రోసెకన్లలో ఆరిపోతుంది. ఆరిన తర్వాత విడిపోయిన ముక్కల్లో దాదాపు అన్నీ మళ్ళీ కలిసి మొదటి వాయువే అవుతాయి. నూనె కాలిపోతే పోయినట్టే. ఇది మాత్రం మళ్ళీ మళ్ళీ పనికొస్తుంది.

ఇప్పుడు స్తంభం లోపలికి వెళ్దాం. అందులో గ్యాసును వాతావరణం కంటే ఐదారు రెట్లు ఎక్కువ ఒత్తిడితో నింపి ఉంచుతారు. కరెంటును మామూలు రోజుల్లో మోసేది ఒక జత కొసలు, వాటికి వెండి పూత ఉంటుంది. ఆర్కును భరించేది వేరే జత, వాటి మొనలు రాగి, టంగ్‌స్టన్ కలిపి చేసినవి. తెరుచుకునేటప్పుడు వెండి కొసలు ముందు విడిపోతాయి, కరెంటు రెండో జతలోకి మారుతుంది. అవి విడిపోయినప్పుడే ఆర్కు పుడుతుంది. నిప్పు భరించే పని ఒకరిది, రోజువారీ మోత ఒకరిది. ఈ పని విభజన లేకపోతే వెండి కొసలు నాలుగు ఫాల్టులకే పాడైపోయేవి.

కదిలే కొసతోపాటు ఒక సిలిండరు కూడా కదులుతుంది. అది వెనక ఉన్న కదలని పిస్టను మీదికి జరుగుతూ మధ్యలోని గ్యాసును నొక్కుతుంది. నొక్కిన గ్యాసు బయటపడే దారి ఒక్కటే. ఆర్కు చుట్టూ ఉన్న టెఫ్లాన్ నాజిల్. ఇందులో ఉన్న చమత్కారం చూడండి. కరెంటు పెద్దదిగా ఉన్నప్పుడు ఆర్కు లావుగా ఉండి నాజిల్‌ను తానే మూసేస్తుంది. గ్యాసు బయటికి పోలేక లోపల ఒత్తిడి పెరుగుతూ ఉంటుంది. కరెంటు సున్నా వైపు దిగగానే ఆర్కు సన్నబడుతుంది, నాజిల్ తెరుచుకుంటుంది, పోగైన గ్యాసంతా ఒక్కసారి ఆర్కు పొడవునా ఈదురుగాలిలా కొడుతుంది. అదీ ఎప్పుడు? సరిగ్గా కావలసినప్పుడు. ఎవరూ చెప్పనక్కరలేదు. దీన్ని పఫర్ పద్ధతి అంటారు.

పఫర్‌లో చిక్కేమిటంటే, గ్యాసును నొక్కే శ్రమ మొత్తం బ్రేకరు కింది పెట్టెలో ఉన్న యంత్రాంగం మీద పడుతుంది. దానికి హైడ్రాలిక్ పంపో, గాలి కంప్రెసరో కావలసి వచ్చేది. తర్వాతి తరం డిజైనర్లు ఒక మంచి ఆలోచన చేశారు. ఆర్కు దగ్గర అంత వేడి వృథాగా ఉందికదా, ఆ వేడితోనే గ్యాసు ఒత్తిడిని పెంచుకుందామన్నారు. దీన్ని సెల్ఫ్ బ్లాస్ట్ అంటారు. పెద్ద ఫాల్టును ఆర్పే బలం ఆ ఫాల్టే ఇస్తుంది. చిన్న కరెంటుకు మాత్రం చిన్న పఫర్ మిగిలి ఉంటుంది. దీంతో యంత్రాంగం పని తగ్గి, రెండు ఉక్కు స్ప్రింగులు సరిపోయాయి. ఒకటి మూయడానికి, ఒకటి తెరవడానికి. చిన్న మోటారు స్ప్రింగును బిగించి పెడుతుంది. కరెంటు మొత్తం పోయినా, స్టోర్ చేసిన ఆ బలంతో బ్రేకరు ఒకసారి తెరుచుకుని, సెకనులో మూడో వంతులోపు మూసుకుని, ఫాల్టు ఇంకా ఉంటే మళ్ళీ తెరుచుకోగలదు.

ఇక్కడ కాస్త ఆగి, యార్డులో పనిచేసే తమ్ముళ్ళకు ఒక మాట చెప్పాలి. ప్రపంచవ్యాప్తంగా బ్రేకర్ల వైఫల్యాల మీద సీగ్రే అనే అంతర్జాతీయ సంస్థ దశాబ్దాలుగా సర్వేలు చేసింది. ప్రతి సర్వేలోనూ ఎక్కువ తప్పిదాలు వచ్చింది చాంబరు నుంచి కాదు, కింది పెట్టెలోని యంత్రాంగం నుంచి, కంట్రోలు వైరింగు నుంచి. గ్రీజు గట్టిపడటం, పెట్టె తలుపు రబ్బరు చిరిగి తేమ చేరడం, హీటరు కాలిపోవడం, బ్రేకరును తెరిపించే ట్రిప్ కాయిల్ తెగిపోవడం. ఇరవై వేల డిగ్రీల నిప్పును గెలిచే యంత్రం పాత గ్రీజు దగ్గర ఓడిపోతుంది. బ్యాటరీ గది సంగతీ అంతే. ట్రిప్ కాయిల్‌కు కరెంటు ఇచ్చేది బ్యాటరీ డీసీ. అది చచ్చుబడితే రిలే ఎంత అరిచినా బ్రేకరుకు వినబడదు. బ్యాటరీలో డిస్టిల్డ్ వాటరు చూసే పనిని ఎవరైనా చిన్నపని అంటే నేను ఒప్పుకోను.

మన మార్కాపురం ప్రాంత వాతావరణం ఈ బ్రేకర్లకు ఏం చేస్తుందో కూడా చెప్పుకోవాలి. స్తంభం లోపల గ్యాసు తగ్గితే ముందు అలారం వస్తుంది. ఇంకా తగ్గితే లాకౌట్. అంటే బ్రేకరు తెరుచుకోవడానికి ఒప్పుకోదు, తెరిస్తే ఆర్కు ఆరదు గనక. అప్పుడు ఫాల్టు వస్తే పక్కనున్న బ్రేకర్లన్నీ కలిసి తెంచాలి. ఒక లైనుతో పోయేది బస్‌బార్ మొత్తానికి చుట్టుకుని, కొన్ని మండలాలు చీకటవుతాయి. అందుకని గ్యాసు ఎంత ఉందో తెలియడం ముఖ్యం. అయితే ఒత్తిడి వేరు, గ్యాసు పరిమాణం వేరు. మార్కాపురంలో మే నెల మధ్యాహ్నం 45 డిగ్రీల్లో ఒత్తిడి దానంతటదే అర బారు దాకా పెరుగుతుంది. గ్యాసు పెరగలేదు, వేడెక్కింది. జనవరి తెల్లవారుజామున తగ్గుతుంది. గ్యాసు కారలేదు, చల్లబడింది. ఆర్కును ఆర్పే శక్తి గ్యాసు సాంద్రతను బట్టి ఉంటుంది గనక, బ్రేకరు మీటరులో ఈ వేడి తేడాను సర్దే ఏర్పాటు చేస్తారు. అయినా ఎండ నేరుగా పింగాణీ మీద పడి లోపలి గ్యాసు ఒక వేడిలో, నీడలో ఉన్న మీటరు మరో వేడిలో ఉంటే లెక్క తప్పుతుంది. పొద్దు పొడవకముందు తీసిన రీడింగునే నేను నమ్ముతాను.

మరొకటి పలక ధూళి. మార్కాపురం పలకలు దేశమంతా తెలుసు. క్వారీల నుంచి, పలకలు కోసే మిల్లుల నుంచి లేచే సన్నటి దుమ్ము పింగాణీ మీద పేరుకుంటుంది. పొడిగా ఉన్నంతసేపు పరవాలేదు. రాత్రి మంచు కురిసో, చినుకు పడో ఆ దుమ్ము తడిస్తే, పింగాణీ పై పొర మీదుగా కరెంటు పాకుతుంది. లోపల గ్యాసు ఎంత గొప్పదైనా బయటి పొర మీద నిప్పు దూకితే ఏం లాభం? అందుకే ఇన్సులేటరుకు గొడుగుల్లా అన్ని అంచులు పెట్టి పాకే దూరాన్ని పెంచుతారు. దుమ్ము ఎక్కువున్న చోట ఇంకా పెంచాలి, వానాకాలానికి ముందు కడగాలి, లేదా నీటిని నిలవనివ్వని సిలికాన్ రబ్బరు తొడుగుల వైపు మారాలి.

ఇక మన బోరుబావుల సంగతి. సాగర్ నీళ్ళు అందని ఊళ్ళల్లో, వెలిగొండ నీటి కోసం ఎదురుచూస్తున్న ఊళ్ళల్లో వ్యవసాయమంటే మోటారే. వ్యవసాయానికి పగటిపూట తొమ్మిది గంటల సరఫరా వచ్చినప్పుడు వేల మోటార్లు కలిసి తిరుగుతాయి, వోల్టేజి పడిపోతుంది. దాన్ని నిలబెట్టడానికి సబ్‌స్టేషన్లలో కెపాసిటర్ బ్యాంకులు పెడతారు. మోటార్లు ఆగగానే వాటిని తీసేయాలి. అంటే బ్రేకరుకు దాదాపు ప్రతిరోజూ పని. ఫాల్టుతో పోలిస్తే ఈ కరెంటు చాలా చిన్నది, వందల ఆంపియర్లు. ఆర్పడం తేలికే. కానీ కెపాసిటర్ తన వోల్టేజిని పట్టుకుని అలాగే ఉండిపోతుంది, అవతల గ్రిడ్డు వోల్టేజి మాత్రం తిరగబడుతుంది. పది మిల్లీసెకన్లలో కొసల మధ్య వోల్టేజి గ్రిడ్డు వోల్టేజి శిఖరానికి రెట్టింపవుతుంది. అప్పటికి కొసలు తగినంత దూరం జరగకపోతే నిప్పు మళ్ళీ దూకుతుంది, ఒక్కో దూకుడుతో వోల్టేజి ఇంకా పైకెక్కి కెపాసిటర్లను పేల్చేస్తుంది. అర్ధరాత్రి లోడు లేని పొడుగాటి లైనును తెంచేటప్పుడూ ఇదే తంతు. పెద్ద కరెంటుకు గ్యాసు బలం కావాలి, చిన్న కరెంటుకు కొస పరుగెత్తే వేగం కావాలి. ఈ రెండింటినీ ఒకే స్తంభంలో ఇమిడ్చినవాడే మంచి డిజైనరు.

ఇదంతా నిజంగా పనిచేస్తుందని ఎలా తెలుస్తుంది? పరీక్షించాలి. 145 కె.వి. రేటింగుతో 40,000 ఆంపియర్ల బ్రేకరును నేరుగా పరీక్షించాలంటే పదివేల మెగావోల్ట్ ఆంపియర్ల శక్తి కావాలి. ఏ ప్రయోగశాలకైనా అది తలకు మించిన భారం. అందుకని ఒక ఉపాయం పన్నారు. ఆర్కు మండుతున్నంతసేపు తక్కువ వోల్టేజి ఉన్న జనరేటరు నుంచి పెద్ద కరెంటు ఇస్తారు. సున్నా దగ్గర ఆ మూలాన్ని తప్పించి, నింపి ఉంచిన కెపాసిటర్ల నుంచి పెద్ద వోల్టేజి కొడతారు. బ్రేకరుకు మాత్రం రెండూ ఒకేచోటి నుంచి వచ్చినట్టే. మన దేశంలో షార్ట్ సర్క్యూట్ పరీక్షలకు సెంట్రల్ పవర్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ కేంద్రాలు బెంగళూరు, భోపాల్‌లలో ఉన్నాయి. ఆ సంస్థకే చెందిన అత్యధిక వోల్టేజి ప్రయోగశాల హైదరాబాదు ఉప్పల్‌లో ఉంది. ఈ పరీక్షల విలువ ఏటేటా పెరుగుతోంది. 2013 డిసెంబరు 31న రాయచూరు, షోలాపూర్ మధ్య 765 కె.వి. లైనుతో దక్షిణాది గ్రిడ్డు మిగిలిన దేశంతో ఒక్కటైంది. గ్రిడ్డు ఎంత బలపడితే ఫాల్టులోకి అంత కరెంటు పరుగెత్తుకొస్తుంది. నిరుడు సరిపోయిన బ్రేకరు ఈ ఏడు సరిపోతుందా అని లెక్క చూసుకుంటూనే ఉండాలి.

స్థలం తక్కువున్న చోట బ్రేకరు ఒక్కదాన్నే కాక, బస్‌బార్లనూ ఐసోలేటర్లనూ కూడా అల్యూమినియం గొట్టాల్లో పెట్టి గ్యాసు నింపేస్తారు. దాన్ని జి.ఐ.ఎస్. అంటారు. అమరావతి ప్రాంతంలో తాళ్ళాయపాలెం 400 కె.వి. సబ్‌స్టేషన్ ఆ రకానిది. యార్డుకు ఎకరాలు కావలసిన చోట అది ఒక భవనంలో ఇమిడిపోతుంది, దుమ్మూ పక్షులూ పాములూ లోపలికి రావు. కానీ బిగించేటప్పుడు లోపల చిన్న లోహపు రజను మిగిలినా, అది వోల్టేజికి లేచి ఆడి ఇన్సులేషన్‌ను దెబ్బతీస్తుంది. మరమ్మతుకు రోజులు పడతాయి. మన మార్కాపురం డివిజన్‌లో భూమికి కొదవ లేదు. ఇక్కడ బయటి యార్డే సబబు, మిగిలిన డబ్బు గ్యాసు జాగ్రత్తకు పెట్టాలన్నది నా అభిప్రాయం.

గ్యాసు జాగ్రత్త అని ఎందుకంటున్నానంటే, ఎస్సెఫ్ సిక్స్‌కు ఉన్న బలమే దాని దోషం. అది దేనికీ చెక్కుచెదరదు. బయటికి వదిలితే ఆకాశంలో వందల నుంచి వేల ఏళ్ళ దాకా అలాగే ఉండి భూమి వేడిని పట్టుకుంటుంది. నూరేళ్ళ లెక్కలో ఒక కిలో ఎస్సెఫ్ సిక్స్ సుమారు 24 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. 1997 క్యోటో ఒప్పందంలోనే దీని పేరు చేరింది. ఒక 132 కె.వి. బ్రేకరులో ఉండేది కొన్ని కిలోలే కావచ్చు. రాష్ట్రమంతటా ఉన్న బ్రేకర్లను కలుపుకోండి. మంచి బ్రేకరు ఏడాదికి నూటికి అర వంతుకు మించి కారకూడదు. అలారం వచ్చినప్పుడల్లా సిలిండరు తెచ్చి నింపి, రిజిస్టరులో సంతకం పెట్టి వెళ్ళిపోతే ఆ కారడం ఆగదు. ఎక్కడ కారుతోందో వెతికి, సీలు మార్చాలి. చాంబరు విప్పేటప్పుడు గ్యాసును గాలిలోకి వదలకుండా రికవరీ యంత్రంతో వెనక్కి లాగి, వడగట్టి, మళ్ళీ వాడాలి.

ఇది ప్రాణాల విషయం కూడా. ఈ గ్యాసు విషం కాదు, కానీ బరువు. కేబుల్ ట్రెంచిలోకి దిగి నిలిచిపోతే అక్కడ దిగిన మనిషికి ఊపిరాడదు, వాసన లేదు గనక తెలియదు. ఆర్కు తర్వాత మళ్ళీ కలవకుండా మిగిలిపోయే కొద్దిపాటి ముక్కలు మాత్రం విషమే. తేమ తగిలితే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పుడుతుంది. అందుకే లోపల తేమను పీల్చే పదార్థం పెడతారు. పాత చాంబరు విప్పితే తెల్లటి, బూడిదరంగు పొడి కనిపిస్తుంది. ఒట్టి చేతులతో ముట్టుకోవద్దు, ఊదవద్దు. పాత ఇనుము కొనే సోదరులకు ప్రత్యేకంగా చెబుతున్నాను, పింగాణీ స్తంభాన్ని సుత్తితో పగలగొట్టవద్దు. లోపల ఒత్తిడి ఉండవచ్చు, ఆ పొడీ ఉండవచ్చు.

యూరోపియన్ యూనియన్ 2024లో చట్టం తెచ్చింది. 24 కె.వి. దాకా కొత్తగా పెట్టే పరికరాల్లో ఇలాంటి ఫ్లోరిన్ వాయువులు 2026 నుంచి వద్దంది. 24 నుంచి 52 కె.వి. దాకా 2030 నుంచి, 52 నుంచి 145 కె.వి. దాకా 2028 నుంచి, ఆ పైన 2032 నుంచి, కొన్ని మినహాయింపులతో. మరి దీనికి బదులేమిటి? కార్బన్ డయాక్సైడ్, ఆక్సిజన్‌లలో కొంచెం ఫ్లోరోనైట్రైల్ కలిపే పద్ధతి ఒకటి. ఆ రసాయనం చేస్తూ వచ్చిన త్రీఎం కంపెనీ 2025 చివరికల్లా ఆ తరహా రసాయనాల తయారీ నుంచి తప్పుకుంటానని 2022లో ప్రకటించడంతో ఆ దారి కొంత అనుమానంలో పడింది. రెండోది వాక్యూమ్. లోపల వాయువే ఉండదు, ఉన్నా వాతావరణ పీడనంలో వంద కోట్లో వంతుకు తక్కువ. ఆర్కుకు కొసల లోహం ఆవిరి తప్ప మరో ఆధారం లేదు, సున్నా రాగానే ఆ ఆవిరి మాయమవుతుంది.

వాక్యూమ్ బ్రేకరు మనకు కొత్తది కాదు. రాచర్ల, కొమరోలు, తర్లుపాడు, దోర్నాల, ఎటు పోయినా 33/11 కె.వి. సబ్‌స్టేషన్లలో ఫీడర్లను తెంచేది అదే. షిఫ్ట్ ఆపరేటర్లకు, లైన్‌మెన్‌కు దాని గుణగణాలు కొట్టినపిండి. పైకి పోయేకొద్దీ కష్టమెందుకంటే, వాక్యూమ్‌లో ఖాళీని రెట్టింపు చేసినంత మాత్రాన ఆగే వోల్టేజి రెట్టింపు కాదు. చాలాకాలం అది 33 కె.వి. దగ్గర్లోనే ఆగిపోవడానికి అదే కారణం. ఇప్పుడు బయట పొడి గాలి నింపి, లోపల ఒకే వాక్యూమ్ చాంబరుతో 145 కె.వి. బ్రేకర్లు తయారవుతున్నాయి. మన ప్రాంతంలో ఇకముందు కొత్త 132 కె.వి. బే కట్టేటప్పుడు టెండరు పత్రంలో వాటికీ చోటు ఇవ్వాలి. ఖరీదు పోల్చేటప్పుడు గ్యాసు ఖర్చు, రికవరీ ఖర్చు, ముప్పై నలభై ఏళ్ళ తర్వాత గ్యాసును వదిలించుకునే ఖర్చు కూడా కలిపి లెక్క కట్టాలి. ఇప్పటికే నిలబడి ఉన్న ఎస్సెఫ్ సిక్స్ స్తంభాలు ఇంకా చాలా ఏళ్ళు మన లైన్లను కాస్తాయి. వాటిలో ఏది ఏ ఏడు ఎంత గ్యాసు తాగిందో ప్రతి సబ్‌స్టేషన్‌లో ఒక పుస్తకం ఉండాలి. పాలిటెక్నిక్, ఐటీఐ చదువుతున్న మన పిల్లలు ఆ పుస్తకం చదవడం, రికవరీ యంత్రం నడపడం, బ్రేకరు టైమింగ్ పరీక్ష చేయడం నేర్చుకుంటే ఈ జిల్లాలోనే వాళ్ళకు చేతినిండా పని ఉంది.